ఒంటికి తగ్గ గిటారు

మేస్త్రికి కొత్త ఊపు వచ్చిందంటే ఆ సంగతి ముందుగా తెలిసేది ఇంట్లో ఉన్న చెక్కసామానుకి. బల్లలు, కుర్చీలు, మంచం పట్టెలు, తలుపులు, ఆఖరికి వంటింట్లో కూరలు తరిగే చెక్క, దేన్నీ వదలడు. వేలు మడిచి కణుపుతో టక్కున కొడతాడు, తల ఓరగా పెట్టి వింటాడు. నచ్చితే "పలుకుతోంది" అంటాడు. నచ్చకపోతే "చచ్చిన చెక్క" అని మొహం తిప్పుకుంటాడు. గిటార్లు చేసేవాడు కాబట్టి సరిపోయింది గానీ, ఇదే డాక్టరయ్యుంటే ఒక్క రోగి కూడా రెండోసారి గుమ్మం తొక్కేవాడు కాదు.

ఆయన భార్యని వీధంతా టైలరమ్మ అంటారు. ఇంటి ముందుగదిలో ఆవిడ కుట్టుపని, వెనక రేకుల షెడ్డులో ఆయన గిటార్ల పని. షెడ్డులోంచి వీధిలోకి రావాలంటే ఆవిడ కత్తిరింపు బల్ల పక్కనుంచే రావాలి. ఆ బల్లంటే ఆవిడకి ప్రాణం. పెళ్ళికి ముందు, మూతపడిన ఒక అచ్చాఫీసు సామాను అమ్మేస్తుంటే తన మొదటి జీతంతో కొనుక్కుంది. వెడల్పాటి చెక్కలు నాలుగు పక్కపక్కన చేర్చిన బల్ల. నడుమెత్తు ఉంటుంది, వంగక్కర్లేదు. ఒకేసారి రెండు షర్టులు పరిచి కత్తిరించుకోవచ్చు. మేస్త్రి ఆ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా దాన్ని ఒక్కటి కొట్టందే వెళ్ళడు.

"విన్నావా?" అంటాడు.

"టక్కుమంది," అంటుంది టైలరమ్మ.

"టక్కు కాదోయ్. ఆ టక్కు వెనకాల ఇంకోటుంది, అది విను."

"నాకు టక్కే వినపడింది. తప్పుకోండి, కాలరు వంకరపోతుంది."

ఇరవై ఆరేళ్ళుగా ఈ మాటల్లో ఒక్కటీ మారలేదు. అలవాటైన కాపురానికి ఈపాటి మాటలు చాలు.

ఈసారి వచ్చిన ఊపు మాత్రం మామూలుది కాదు. ఒకరోజు టైలరమ్మ ఒక లావుపాటి గుమస్తాగారి నడుం కొలత తీస్తుంటే మేస్త్రి గుమ్మంలో నిలబడి చూశాడు. కాసేపు అలాగే చూసి, "మనిషి మనిషికీ షర్టు కొలత వేరైనప్పుడు, గిటారు మాత్రం అందరికీ ఒకటే కొలత ఎందుకుండాలి?" అన్నాడు. గుమస్తాగారు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుని ఉన్నారు కాబట్టి జవాబు చెప్పలేకపోయారు. టైలరమ్మ గుండె మాత్రం గుభేలుమంది. మేస్త్రి కళ్ళలో ఆ చూపు ఆవిడ ఇదివరకు మూడుసార్లు చూసింది.

మొదటిసారి చూసినప్పుడు పెద్దబొజ్జ గిటార్లు పుట్టాయి. పట్టుకున్నవాడి చెయ్యి తీగల దాకా అందితే ఒట్టు. రెండోసారి పొడుగుమెడవి. వాటికి శ్రుతి చెయ్యాలంటే మెడ చివర ఇంకో మనిషిని నిలబెట్టుకోవాలి. మూడోసారి వచ్చినవి పల్చటివి. బరువు లేదు, మోతా లేదు. వాటిల్లో ఒకటి ఇప్పటికీ ముందుగదిలో ఉంది. దాని గుండ్రటి నోట్లో టైలరమ్మ బొత్తాలు దాచుకుంటుంది. బొత్తాం కావాలంటే తలకిందులు చేసి ఊపాలి, అదెప్పుడు రాలితే అప్పుడే. "మీరు చేసినవాటిల్లో గలగలా మోగేది ఇదొక్కటే," అని ఆవిడ అంటే మేస్త్రి పడీపడీ నవ్వుతాడు. ఎంత వెక్కిరించినా ఆ మనిషికి కోపం రాదు. కోపమే రాని మనిషిని మార్చడం ఎవరి తరం?

నాలుగో ఊపుకి పేరు కూడా పెట్టాడు, ఒంటికి తగ్గ గిటారు. చిన్నది, మధ్యది, పెద్దది, షర్టుల్లాగా మూడు కొలతలు. ఇక చూడండి, పాలు పోసేవాడికి చెప్పాడు, ఉత్తరాలు తెచ్చేవాడికి చెప్పాడు, దారి తప్పి అడ్రసు అడిగినవాడికి కూడా చెప్పాడు. టైలరమ్మ మెళ్ళో వేసుకునే టేపు మాయమైందంటే అది ఆయన చేతిలో ఉన్నట్టే లెక్క. ప్యాంటు పొడుగు తగ్గించుకుందామని వచ్చిన లెక్కల మాస్టారిని కూర్చోబెట్టి ఒడి కొలిచాడు. "నాకు గిటారు రాదండీ," అన్నారాయన. "ఇన్నాళ్ళూ మీ ఒడికి సరిపోయేది దొరక్కే రాలేదు," అన్నాడు మేస్త్రి. మాస్టారు ఆలోచనలో పడ్డారు. ఆ ప్యాంటు కోసం ఆయన వారం దాకా రాలేదు.

ఈ వేడుక అంతా బాగానే ఉంది గానీ, మధ్యలో టైలరమ్మ తమ్ముడొకడున్నాడు. అతనికి ఊరి చివర తలుపుల కార్ఖానా ఉంది. బావగారంటే అభిమానమే, పైగా ఆయన చేతిపనంటే గౌరవం. అందుకే వచ్చినప్పుడల్లా అదే పాట పాడతాడు.

"బావా, గిటారైనా చెక్కే, తలుపైనా చెక్కే. గిటారు లేకపోయినా మనిషి హాయిగా పడుకుంటాడు, తలుపు లేకుండా ఎవడు పడుకుంటాడు చెప్పు? నా దగ్గరికొచ్చెయ్యి."

ఇదివరకైతే మేస్త్రి నవ్వి ఊరుకునేవాడు. ఈసారి మాటిచ్చాడు. "ఉత్తరం రాశాను, రెండు నెలల్లో సంగీతవాద్యాల షాపు ఆసామి వస్తున్నాడు. మూడు కొలతలూ చూస్తాడు. ఆయనకి నచ్చకపోతే ఒకటో తారీకునుంచి నీ తలుపులకి పాలిష్ పెడతాను. ఈ షెడ్డులో ఇంక ఉలి పట్టను."

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ పూట భోజనం దగ్గర కంచంలో సగం వదిలేసి లేచిపోయాడు. టైలరమ్మ ఆ కంచం చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళూ ఎన్ని మాటలంది ఆయన్ని. తలుపులకి పాలిష్ పూసి సాయంత్రానికి తల వంచుకుని ఇంటికొచ్చే మేస్త్రిని, దేన్నీ తట్టకుండా గదులు దాటిపోయే మేస్త్రిని తల్చుకుంటే ఆవిడకి దుఃఖం ముంచుకొచ్చింది. ఆ నాలుగో పిచ్చి గెలవాలని ఆవిడ కోరుకుంది. పైకి మాత్రం అనలేదు. అంటే అలుసైపోదూ?

పెద్దది తయారైంది, చిన్నది తయారైంది. మధ్యదాని వీపు పగిలింది. వీపంటే గిటారు వెనకచెక్క. తొందరలో ఆరీఆరని చెక్కని తెచ్చి వాడాడు, బిగించిన మర్నాడే నిలువునా నెర్రె ఇచ్చింది. వందమందిలో డెబ్భైమంది మధ్య కొలతవాళ్ళేనని టైలరమ్మకి ఒకరు చెప్పాలా? మధ్యది లేకపోతే ఒంటికి తగ్గ గిటారే లేదు. మంచి వీపు కావాలంటే పాతిక ముప్ఫై ఏళ్ళు గాలికి ఆరిన చెక్క కావాలి. మిగిలిన నాలుగు వారాల్లో ముప్ఫై ఏళ్ళు ఎక్కణ్ణుంచి తేగలడు? రెండ్రోజులు కలప అడితీలన్నీ తిరిగి ఉత్తచేతులతో వచ్చాడు.

ఆ తర్వాత జరిగింది వినండి. మేస్త్రి షెడ్డులోంచి వచ్చి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, బల్ల పక్కనుంచి వీధిలోకి వెళ్ళిపోయాడు. తట్టలేదు. తిరిగొచ్చేటప్పుడూ తట్టలేదు. మర్నాడూ అంతే. మూడో రోజు ఆ బల్లవైపు చూడకుండా గోడకి ఒరుసుకుంటూ వెళ్ళాడు. ఇప్పుడు తడితే అడిగినట్టవుతుందని ఆయన భయం. నోరు తెరిచి అడిగితే ఆవిడకి కోపమొచ్చేదేమో గానీ, అలా గోడకి ఒరుసుకుంటూ పోయే మనిషిని చూసి ఎలా ఊరుకుంటుంది?

"ఏమండీ, ఇలా రండి," అంది. "మూడ్రోజులైంది బల్లని పలకరించి. అలిగారా?"

"మర్చిపోయాను."

"మీరు తిండి మర్చిపోతారు గానీ ఇది మర్చిపోరు. ఆ కిటికీ వైపు రెండు చెక్కలూ ఊడదీసుకోండి."

మేస్త్రి ఆవిడ మొహంకేసి చూశాడు. "మతిపోయిందా నీకు? మిగిలిన రెంటిమీదా గుడ్డ వెడల్పు పట్టదు. మరి దేనిమీద కత్తిరిస్తావు?"

"నేల లేదూ?"

"మోకాళ్ళు పోతాయి."

"నా మోకాళ్ళు, నా ఇష్టం. మీరు రోజూ ఆ పాలిష్ కంపు మోసుకుని ఇంటికొస్తే భరించడం నా వల్ల కాదు."

"ఆ రెండే ఎందుకు?"

"అటువైపు నేను పెద్దగా వాడను," అంది టైలరమ్మ, బల్లమీద గుడ్డలు తీసేస్తూ.

మేస్త్రి జేబులోంచి చెయ్యి తీశాడు. నాలుగు చెక్కల్నీ వరసగా కొట్టాడు. కిటికీ వైపు వాటిని మళ్ళీ కొట్టాడు. "నీ అదృష్టం చూడు. నాలుగింట్లో పలికేవి అవే," అన్నాడు.

"మరే, అంతా అదృష్టమే," అంది ఆవిడ.

చెక్కలు ఊడదీసినప్పుడు ఆవిడ వంటింట్లో ఉండిపోయింది. ఆ చప్పుడు వినబుద్ధి కాలేదు.

మేస్త్రి పనికో పద్ధతి ఉంది. వీపుచెక్కని ఒకేసారి పల్చన చెయ్యడు. కాస్త చిత్రిక పట్టి తట్టి వింటాడు, మళ్ళీ కాస్త పట్టి మళ్ళీ తట్టి వింటాడు. గొంతు వచ్చిందనిపించిన చోట చిత్రిక కింద పెట్టేస్తాడు. దేవుడు దిగొచ్చి ఇంకొక్కసారి పట్టమన్నా పట్టడు. బల్లచెక్కలకి పైభాగం ఇరవై ఆరేళ్ళు గుడ్డ రాసుకుని అద్దంలా తిన్నగా ఉంది కాబట్టి, అడుగువైపునుంచి పట్టుకుంటూ వచ్చాడు. రెండో రోజు మధ్యాహ్నం ఆవిణ్ణి షెడ్డులోకి పిలిచాడు.

"అటువైపు వాడనన్నావు. మరి ఇన్ని చుక్కలెక్కడివి?"

టైలర్ల దగ్గర పిడి చివర పళ్ళున్న చిన్న చక్రం ఒకటుంటుంది. కాగితం మీద గీసిన గీత వెంట దాన్ని నొక్కి దొర్లిస్తే కింద గుడ్డమీద చుక్కలు దిగుతాయి, ఆ చుక్కల వెంట కత్తిరించుకోవచ్చు. గుడ్డమీద పడిన చుక్కలు బల్లమీద కూడా పడతాయి. ఆ చెక్కల నిండా అవే, సన్నటి గుంటల వరసలు.

"ఎప్పుడో పడుంటాయి," అంది. "గీకెయ్యండి."

"గొంతు వచ్చేసింది. ఇంక గీకితే చుక్కలతోపాటు గొంతూ పోతుంది."

"అయితే అవి లోపలివైపుకి పెట్టండి. గిటారు కడుపులోకి ఎవరు చూస్తారు?"

"అందరూ ముందు చూసేది అక్కడే," అన్నాడు మేస్త్రి దిగులుగా. "గిటారు చేతికిచ్చామంటే నోట్లోకి తొంగిచూసి, చేసినవాడి పేరుచీటీ ఎక్కడుందని వెతుకుతారు." అని చుక్కల్ని లోపలివైపుకే పెట్టి అతికించాడు. ఇంకో దారి లేదు.

ఆ నెల్లాళ్ళూ టైలరమ్మ నేలమీద కూర్చునే కత్తిరించింది. లేచినప్పుడల్లా మోకాళ్ళు కటుక్కుమనేవి. "ఇవీ పలుకుతున్నాయి, వినండి," అనేది. ఈ ఒక్క హాస్యానికి మాత్రం మేస్త్రి నవ్వలేదు.

షాపు ఆసామి రానే వచ్చాడు. మాట పొదుపు మనిషి. పెద్దది అందుకుని నోట్లోకి తొంగిచూశాడు, చీటీ చదివాడు, వాయించాడు, "ఊఁ" అన్నాడు. చిన్నదానికీ అంతే, తొంగిచూశాడు, వాయించాడు, "ఊఁ". మేస్త్రి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. మధ్యది అందించేసరికి, అది ఎలా ఇమిడిందో ఏమో ఆసామి ఒళ్ళో, ఆయన తొంగిచూడ్డం మర్చిపోయి వాయించడం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపడు. గదిలో ఉన్న బొత్తాల గిటారు కూడా మూలనుంచి సన్నగా గుయ్యిమంది. టైలరమ్మ కుట్టుమిషను ఆపేసి కూర్చుంది. ఆవిడ బల్ల అలా పలుకుతుంటే కళ్ళు చెమర్చాయి.

ఆసామి ఆపాడు. అప్పుడు తొంగిచూశాడు. మొహం మాడ్చుకుని గిటారు కింద పెట్టేశాడు.

"పురుగు తొలిచిన చెక్క పెట్టారే," అన్నాడు. "దీన్ని షాపులో తగిలిస్తే మిగతావాటికీ పడుతుంది. ఇంత మంచి చెయ్యి పెట్టుకుని ఇదేం పని మేస్త్రీ?"

ఇరవై ఆరేళ్ళు అందరికీ చెప్పి చెప్పి విసిగించిన మనిషికి, సరిగ్గా చెప్పాల్సిన పూట మాట రాలేదు. ఆసామి లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

టైలరమ్మ మెళ్ళో టేపుతోనే వచ్చి గిటారు తీసుకుంది. వెలుతురుకి తిప్పి తొంగిచూసింది. చూసి చిన్నగా నవ్వింది.

"పురుగు కాదండీ," అంది. "ఇది మా ఆయన కుడిభుజం."

ఆసామి ఆగాడు. మేస్త్రి కూడా తలెత్తాడు.

"చిత్రిక పట్టీ పట్టీ ఆయన కుడిభుజం కిందికి జారిపోయింది. ఎడమది మామూలే. షాపులో కొన్న షర్టు ఒక్కటీ ఆయనకి నప్పదు. అందుకని ఏడాదికి నాలుగు షర్టులు, కుడివైపుకి వేరే కొలతతో నేనే కత్తిరిస్తాను. కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని ఎప్పుడూ అక్కడే పెట్టి చక్రం తిప్పేదాన్ని." అంటూ గోడకి వేలాడుతున్న కాగితాల్లోంచి ఒకటి తీసి, ఓ చెక్కముక్కమీద పరిచి, పళ్ళచక్రం దొర్లించి చూపించింది. అవే చుక్కలు, అదే వంపు.

ఆసామి చెక్కముక్క చూశాడు. గిటారులోకి చూశాడు. ఆ తర్వాత మేస్త్రి భుజంకేసి చూశాడు.

"నా భుజం వంకరా?" అన్నాడు మేస్త్రి.

"ఇరవయ్యేళ్ళుగా."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"షర్టు సరిగ్గా ఉంటే మీకు చెప్పడమెందుకు?"

షాపు ఆసామి మళ్ళీ కూర్చున్నాడు. "ఒంటికి తగ్గ గిటారు అని మీరు ఉత్తరంలో రాస్తే మాటవరసకి రాశారనుకున్నాను," అన్నాడు. అప్పటిదాకా ఆయన ఒక్క గుక్కలో ఆడిన మాటల్లో అదే పొడుగైంది. "కొలతకి ఆరు చొప్పున చెయ్యండి. ఈ మూడూ ఇప్పుడే తీసుకెళ్ళి తగిలిస్తాను."

మేస్త్రి పెద్దది ఇచ్చాడు, చిన్నది ఇచ్చాడు. మధ్యదాన్ని గుండెకి హత్తుకున్నాడు. "ఇది మాత్రం ఇవ్వను. ఇది ఆవిడ బల్ల."

ఏమంటారు ఇలాంటి మనిషిని? గెలిచిన ఆటని కాలదన్నుకునేవాణ్ణి? టైలరమ్మ ఆయన చేతుల్లోంచి గిటారు లాక్కున్నంత పని చేసింది. "బల్ల నాది, ఇచ్చేదీ నేనే," అంది. "గోడకి తగిలించుకుని మురిసిపోవడానికి నేను నేలమీద కూర్చోలేదు. తీసుకెళ్ళండి అన్నయ్యగారూ."

ఆసామి వెళ్ళాక మేస్త్రి సగం ఊడిన బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆ తర్వాత, "నీకు బల్ల చేసిపెడతాను," అన్నాడు.

"మీరా? వద్దు," అంది ఆవిడ.

మర్నాడు పొద్దున్నే ఆవిడ తమ్ముడి కార్ఖానాకి వెళ్ళింది. మధ్యాహ్నానికి తమ్ముడే బండిమీద ఒక పెద్ద తలుపు వేసుకుని, ఇద్దరు మనుషుల్ని తీసుకుని వచ్చాడు. ముందుగదిలో బల్లకి మిగిలిన రెండు చెక్కలూ తీసేసి, ఆ కాళ్ళమీదే తలుపుని పడుకోబెట్టారు. నడుమెత్తుకి సరిపోయింది. తమ్ముడు చెమట తుడుచుకుంటూ బావగారితో మొర పెట్టుకున్నాడు.

"అక్కకి నువ్వైనా చెప్పు బావా. పొద్దుట్నుంచీ నా కార్ఖానాలో నలభై తలుపులు కొట్టుకుంటూ తిరిగింది. మంచి చెక్కవి చూపిస్తే ఒక్కటి కొట్టి వద్దంది. ఆఖరికి మూల పారేసినదాన్ని పట్టుకుని ఇదే కావాలని కూర్చుంది."

మేస్త్రి వేలు మడిచాడు. తలుపుమీద కొట్టాడు. తల ఓరగా పెట్టాడు. ఇంకోమూల కొట్టాడు, నడిమధ్య కొట్టాడు. తడిగోనెని కొట్టినట్టుంది.

"చచ్చిన చెక్క," అన్నాడు. "ఇంత చచ్చినది నేనెక్కడా చూళ్ళేదు. నలభైలో దీన్ని మించిన దరిద్రం ఉండదు."

"ఉండదు. అన్నీ విన్నాగా," అంది టైలరమ్మ. "ఇంక దీని జోలికి మీరు రారు."

మేస్త్రి చెయ్యి తలుపుమీదే ఆగిపోయింది. కిటికీకేసి చూశాడు, ఆవిడకేసి చూశాడు.

"అయితే ఆ రోజు ఆ రెండు చెక్కలూ... నీకు వినపడుతుందా?"

"ఇరవై ఆరేళ్ళు చెవి పక్కన కొడుతుంటే వినపడక ఏమవుతుంది?"

"మరి రోజూ టక్కుమంది, టక్కుమంది అంటావే?"

"వినపడిందంటే మీరు ఆగుతారా? ఆ వారమే నా బల్ల గిటారైపోయేది," అంది టైలరమ్మ.

తమ్ముడు బావగారి మొహం చూసి నవ్వాపుకోలేక వీధిలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ కొత్త గుడ్డ దులిపి తలుపుమీద పరిచింది. దానిమీద కాగితం పెట్టి చక్రం అందుకుంది. మేస్త్రి ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"తప్పుకోండి," అంది. "మీ షర్టే. చెయ్యి కదిలిందంటే భుజం తిన్నగా వచ్చేస్తుంది."